కడుపులో ఆకు

మూడువేల నాలుగొందలు, అన్నాడు ఖాజావలి.
ఒక టీబీ. బయట ఆరువేల పైమాటే.
అరచేతిలో పెట్టి చూశాను.
పేకకట్టంత వెడల్పు, అప్పడమంత బరువు.
పైన నీలం స్టిక్కరు, ఎవరూ వినని పేరు.
గోరుతో మూల గీకితే
కింద ఇంకో స్టిక్కరు అంచు, ఎర్రగా,
కొత్త చొక్కా కింద చిరుగు బనీనులా.

"కంపెనీ సరుకే అన్నా,
పేరు మార్చి వదిలారంతే. లోపల అవే చిప్పులు."
అబద్ధమాడినట్టు లేడు.
తనకి తెలిసినట్టూ లేడు.
"రెండ్రోజులు పెట్టుకో, నచ్చకపోతే తెచ్చెయ్."

పేరు మార్చడం తప్పని నేనెట్టా అంటాను?
మా కందుకూరు
మా నాయన పుట్టినప్పుడు నెల్లూరు జిల్లా,
నేను పుట్టినప్పుడు ప్రకాశం,
నా కూతురు బళ్ళో చేరేసరికి మళ్ళీ నెల్లూరు.
నా ఆధార్‌లో ఒకటి, దాని కార్డులో ఒకటి.
బస్టాండు మాత్రం ఉన్నచోటే ఉంది,
పామూరు రోడ్డు గుంటలు కూడా.

స్టూడియోలో కంప్యూటరుకి తగిలిస్తే
మూడో పేరు కనబడింది.
నడిచింది తొమ్మిది గంటలట.
ఆరోగ్యం నూటికి నూరట.
నూటికి నూరు అనేది
సంబంధాలకి పంపే ఫొటోల్లో తప్ప నేనెక్కడా చూళ్ళేదు.
వాటిని దిద్దేది నేనే.

అన్నం క్యారేజీ తెచ్చిన అమ్మ
కుర్చీ లాక్కుని కూర్చుంది.
ముప్ఫై సీజన్లు పొగాకు గ్రేడింగు చేసిన మనిషి.
"ఏందిరా దాన్నట్టా చూస్తన్నావు?"
చెప్పాను. పైన ఒక పేరు, లోపల ఒక పేరు, సగం ధర.
"బేలు పైన చూసి రేటు కట్టేవాడు బయ్యరా?
చుట్టూ పండాకు పేర్చి
నడుమ పచ్చాకు కుక్కి కుట్టేసేవాళ్ళని ఎంతమందిని చూళ్ళేదు.
చెయ్యి పెట్టాలిరా కడుపులో. మోచేతి దాకా."

అయితే మోచేతి దాకానే, అనుకున్నా.
గుడ్లూరు పెళ్ళి మొత్తం ఎక్కించాను,
నాలుగు కెమెరాలు, డ్రోను,
మూడొందల జీబీకి కాస్త తక్కువ.

గణపతి పూజ, సెకనుకి ఐదొందలు.
జీలకర్ర బెల్లం, ఐదొందలే.
మంగళసూత్రం దాటింది, పరవాలేదు.
తలంబ్రాల దగ్గర
ఉన్నట్టుండి తొంభై.
అప్పగింతలకి నలభై,
పెళ్ళికూతురు కారు దాకా నడిచినట్టు
ఒక్కో అడుగూ ఆగి ఆగి.
డబ్బా మీద చెయ్యి పెడితే పిల్లాడికి జ్వరమొచ్చినట్టుంది.

కానీ ఆగిపోలేదు.
మిగతా చోటంతా పాత పెళ్ళిళ్ళతో నింపి
రాత్రి రెండింటిదాకా కూర్చుని
ఒక్కో ఫైలూ తెరిచి చూశాను.
ఒక్క తలంబ్రపు గింజ కూడా రాలిపోలేదు.
టీబీ అంటే టీబీనే.
చెప్పనిదల్లా, బరువెత్తితే ఆయాసపడుతుందని.

పోయినేడు ఇట్టాంటి చవక డిస్కులోనే
వలేటివారిపాలెం ఓణీల ఫంక్షను పోయింది.
డబ్బు తిరిగివ్వబోతే తీసుకోలేదు మాలకొండారెడ్డి.
ఇప్పటికీ బండి ఆపి పలకరిస్తాడు,
వానల గురించి, మిర్చి రేటు గురించి.
పాప గురించి మాత్రం మాట్లాడడు.
తిట్టినా బాగుండేది.

పొద్దున ఖాజావలికి మూడువేలిచ్చాను.
"ఇంకో రెండొందలు" అన్నాడు.
"తలంబ్రాల దాకానే పరిగెత్తుతుంది బాబూ నీ గుర్రం" అన్నా.
అర్థం కాలేదు గానీ నవ్వి తీసుకున్నాడు.

నీలం స్టిక్కరు మీద మార్కరుతో రాశాను:
ఎడిటింగుకి మాత్రమే. ఒరిజినల్స్ పెట్టరాదు.
అది దానికి నాలుగో పేరు.

"ఏం గ్రేడు తేలింది?" అడిగింది అమ్మ.
"మూడు."
"మూడు రేటుకే కొన్నావుగా, ఇంకేం."
చెయ్యి చాపి తీసుకుంది,
అటూ ఇటూ తిప్పింది,
అలవాటు కొద్దీ ముక్కు దగ్గర పెట్టుకుంది.

"వాసనే లేదేందిరా దీనికి,"
అంది, నిజంగానే దిగులుపడుతూ,
"ఎట్టా నమ్ముతారురా?"